దీపం వేళకు చేరే బస్సు

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం దీపం పెట్టాక బయటినుంచి వచ్చిన ఆడమనిషి పసిబిడ్డను తాకకూడదు. నాలుగు దారులు తొక్కి, పదిమంది మధ్య నలిగి వచ్చిన ఒంటికి ఏదో గాలి అంటుకుని ఉంటుందట. దీపానికి ముందైతే కాళ్ళు కడుక్కుని ఎత్తుకోవచ్చు. దీపం పెట్టాక వస్తే మాత్రం తెల్లారి స్నానం చేసేదాకా ఆ గాలి వదలదు. మగవాళ్ళకు ఇది వర్తించదు. మా బావగారు పుత్తూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఎరువుల అంగడి కట్టేసి ఏ వేళకు వచ్చినా నా కూతుర్ని భుజాన వేసుకుని వీధి చివరిదాకా తిప్పేవాడు.

కార్వేటినగరంలో ఆ ఇంట్లో అత్త, బావ, బావ భార్య, అంటే నా తోడికోడలు, నేను, నా కూతురు ఉండేవాళ్ళం. నా భర్త బెంగుళూరులో ఫ్యాక్టరీ పని. నెలకోసారి వచ్చేవాడు. తోడికోడలికి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. అత్త ఆమెను పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఏమ్మే గొడ్డుదానా, నీళ్ళు తోడినావా?" అనేది, కోపమేమీ లేకుండా, అదే ఆమె పేరైనట్టు. ఆమె కూడా అదే తన పేరైనట్టు పలికేది.

పాప పట్టుకుని నిలబడే వయసులో నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద చిన్న కంప్యూటర్ ఆఫీసు. నేను చదువుకున్నది అదే. పెళ్ళి, పురుడు అయ్యాక ఇక ఆ చదువు నాకు అక్కరకు రాదని అందరూ అనుకున్నారు, నేను కూడా. ఇంట్లో పెద్ద గొడవవుతుందని ముందే మాటలు కూర్చుకుని అత్త దగ్గరికి పోయాను. ఆమె చేటలోనుంచి తల కూడా ఎత్తలేదు.

"పో. బిడ్డను సూసుకునేదానికి అది ఉండాది గదా."

వంటింటి గడపలో నిలబడ్డ తోడికోడలి ముఖం వెలిగిపోయింది. నాకు ఉద్యోగం వచ్చినందుకే అనుకున్నాను. బస్సులో కూర్చుని కూడా ఆమెను తలచుకుని కళ్ళు తుడుచుకున్నాను.

పొద్దున పాప లేవకముందే బయల్దేరేదాన్ని. పుత్తూరు పోయి, అక్కడ తిరుపతి బస్సెక్కి, ఆఫీసు. సాయంత్రం అదే దారిలో వెనక్కి. కానీ పుత్తూరులో నేను దిగే వేళకు కార్వేటినగరం బస్సు అప్పుడే వెళ్ళిపోయి ఉండేది. తర్వాతి బస్సుకు కూర్చుంటే ఇల్లు చేరేసరికి దీపం. పాప నన్ను చూసి చేతులు చాచేది. తోడికోడలు పాపను ఇంకో భుజానికి మార్చుకుని లోపలికి పోయేది. "పొద్దున్నే ఎత్తుకుందువులే" అనేది. పొద్దున పాప ఆమె పక్కలో నిద్రపోతూ ఉండేది.

అలా ఆదివారాలు తప్ప నా బిడ్డ నా చేతికి రాకుండా పోయింది. ఆఫీసులో మధ్యాహ్నానికి పాలు కారి రవిక తడిసిపోయేది. పైట నిండుగా కప్పుకుని కూర్చునేదాన్ని. వెనక బల్లల మీద మగపిల్లలు ఫ్యాను తిప్పమంటావా, కిటికీ తీయమంటావా అని అడిగి నవ్వుకునేవాళ్ళు.

ఆ ఆఫీసుకు అప్పుడు ఒక లాడ్జి యజమాని పని ఇచ్చాడు. తన లాడ్జిలో దిగే యాత్రికులకు దర్శనమయ్యాక ఎక్కడికి పోవాలన్నా బస్సుల దారి చెప్పే కంప్యూటర్ కావాలి అన్నాడు. ఏ ఊరి పేరు కొట్టినా ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, మళ్ళీ ఏది ఎక్కాలి అని చూపించాలి. ఆఫీసులో రోజూ ఊళ్ళు దాటి బస్సులు మారి వచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి సారు ఆ పని నా బల్ల మీద పడేశాడు. సారంటే ఆఫీసు యజమాని. మద్రాసులో చదువుకుని వచ్చానని రోజుకోసారైనా చెప్పేవాడు.

నేను ఒక టేబుల్, అంటే గళ్ళ పట్టిక, తయారు చేశాను. ఒక్కో వరసలో ఒక్క బస్సు, మధ్యలో మారకుండా ఒక్క ప్రయాణం. ఎక్కే చోటు, బయల్దేరే వేళ, దిగే చోటు, చేరే వేళ. అంతే. తిరుపతి నుంచి పుత్తూరుకు ఒక వరస, పుత్తూరు నుంచి నగరికి ఒక వరస, చిత్తూరు నుంచి పలమనేరుకు ఒక వరస. బస్టాండుల్లో బోర్డులు చూసి కొన్ని, నేను ప్రయాణం చేసి కొన్ని ఎక్కించాను. ఏ వరసకూ పక్క వరసతో సంబంధం లేదు. వాటిని కలపడమే పని.

తిన్నగా పోయే బస్సు కావాలంటే ఒక్కసారి వెతికితే చాలు. ఒక చోట మారాలంటే టేబుల్‌ను దానితోనే జతచేయాలి. రెండు చోట్ల మారాలంటే మూడు సార్లు. ఎన్నిసార్లు మారాలో ముందే తెలియకపోతే? దానికి మేము వాడే ఒరాకిల్ అనే డేటాబేసులో ఒక ఉపాయం ఉంది. స్టార్ట్ విత్ అని బయల్దేరే ఊరు చెప్పాలి. కనెక్ట్ బై ప్రయర్ అని, ముందు వరసలో దిగిన ఊరే తర్వాతి వరసలో ఎక్కే ఊరు కావాలని చెప్పాలి. ఆ తర్వాత మనం ఊరకే కూర్చోవచ్చు. తిరుపతిలో బయల్దేరే బస్సులన్నీ అదే తీస్తుంది. ఒక్కొక్కటీ ఎక్కడ దిగిందో చూసి, అక్కడినుంచి బయల్దేరేవన్నీ తీస్తుంది. వాటి కొసల్లో మళ్ళీ అదే ప్రశ్న తనకు తానే వేసుకుంటుంది. అడిగిన ప్రశ్నను వదలకుండా ఊరు ఊరుకూ మోసుకుపోవడమే దాని పని. కాలేజీలో దాన్ని ఆఫీసులో ఎవరు ఎవరికి పై అధికారి అని చెప్పే ఉదాహరణతో చదువుకున్నాను. బస్సులకు పనికొస్తుందని అక్కడ ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి నడిపినప్పుడు మీ డేటాలో చుట్టు ఉంది అని తెర మీద ఒక్క వాక్యం చూపించి ఆగిపోయింది. పుత్తూరు నుంచి నగరి, నగరి నుంచి పుత్తూరు, పుత్తూరు నుంచి మళ్ళీ నగరి. సారు నా కుర్చీ వెనక నిలబడి అందరికీ వినపడేటట్టు నవ్వాడు.

"ఏమ్మా, దేవుణ్ణి సూసుకోని వచ్చినోళ్ళని పుత్తూరికి నగరికి మధ్య తిప్పి తిప్పి సంపుతావా? ఎముకలు ఇరిగితే కట్టుకట్టేవాళ్ళు ఆడనే ఉండారని ధైర్యమా?"

వెనక బల్లలు కూడా నవ్వాయి. ఎముకలు అతికించే వైద్యానికి పుత్తూరు పోనివాళ్ళు మా వైపు లేరు కాబట్టి ఆ మాట వారమంతా నడిచింది.

నేను వేళలు కలిపాను. ముందు బస్సు చేరిన వేళ కంటే తర్వాతి బస్సు బయల్దేరే వేళ ఎక్కువ ఉండాలి, దిగి ఎక్కడానికి కాస్త వ్యవధి ఉండాలి. కాలం వెనక్కి పోదు కాబట్టి చుట్టు తెగిపోయింది. కానీ పొద్దున తిరుపతిలో బయల్దేరిన మనిషిని అది రేణిగుంటకు తీసుకుపోయి, వెనక్కి తెచ్చి, మళ్ళీ తీసుకుపోయి, పొద్దుగూకేదాకా తిప్పేది. అదీ ఒక దారేనని దాని లెక్క. నాలుగు బస్సులు మించకూడదని హద్దు పెట్టాను. అప్పుడు సరైన దారులు వరసగా తెర మీదికి దిగాయి. నేను లేచి నిలబడ్డాను. ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పే మనిషి లేక కూర్చున్నాను.

యాత్రికులకోసం చేస్తున్న ఆ పనిలో నేను పరీక్షకు కొట్టే ఊరు ఎప్పుడూ ఒకటే. తిరుపతి నుంచి కార్వేటినగరం. చివర ఒక షరతు: చేరే వేళ ఆరున్నర లోపల. ఆరున్నరకు అత్త దీపం పెట్టేది.

"ప్రపంచంలో ఇంకో ఊరు లేదామ్మా?" అన్నాడు సారు ఒకసారి.

ఒక దారి దొరికింది. పుత్తూరు మీదుగా కాదు. చిత్తూరు వైపు పోయే బస్సెక్కి మధ్యలో ఒక క్రాసు దగ్గర దిగాలి. ఊరు కాదు అది, ఒక టీ బంకు, ఒక చింతచెట్టు. అక్కడికి పచ్చికాపల్లం పోయే బస్సు వస్తుంది. పచ్చికాపల్లంలో కార్వేటినగరం బస్సు ఆగి ఉంటుంది. మూడు బస్సులు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన బావగారు కూడా అలా పోవచ్చని అనుకుని ఉండడు, పుత్తూరు దారి అంత అలవాటు. కానీ దానికి నేను ఆఫీసునుంచి గంట ముందు లేవాలి.

సారును అడిగాను. ఆయన నన్ను చాలాసేపు నిలబెట్టాడు.

"మధ్యాహ్నం అన్నానికి లేస్తావు గదా, అది మానుకో. ఆ పొద్దు ఈ పొద్దు సరిపోతాది."

మానుకున్నాను. టిఫిన్ డబ్బా బస్సులోనే తినేదాన్ని, క్రాసు దగ్గర టీ బంకు వెనక చెయ్యి కడుక్కునేదాన్ని.

మొదటిరోజు ఆ దారిలో ఇల్లు చేరినప్పుడు ఎండ ఇంకా పాత కోట గోడల పైన ఉంది. వీధిలో పరుగెత్తాను. గడప బయటే కాళ్ళు కడుక్కుని పాపను తోడికోడలి చంకలోనుంచి లాక్కున్నాను. లాక్కున్నాననే చెప్పాలి. పాప నా మెడ కింద ముఖం పెట్టి వెక్కింది. అత్త ఆకాశం చూసింది, గూట్లో దీపం చూసింది, నన్ను చూసింది.

"ఏం బస్సమ్మే అది?"

"పచ్చికాపల్లం మీద వచ్చినా అత్తా."

"ఆడికి బస్సుండాదని నీకెవురు సెప్పిరి?"

"కంప్యూటరు."

తోడికోడలు ఆ మాట వింది. ఆ రోజు అన్నం పెట్టేటప్పుడు నాకు మజ్జిగ మరిచిపోయింది.

ఆ వేసవి అంతా పాప నా పక్కలో పడుకుంది. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి చేతకావడం లేదు. ఎండలో మూడు బస్సులు మారి, ముఖం నల్లబడి, ఆకలితో వచ్చి, నా బిడ్డ కాళ్ళు నా కడుపు మీద పెట్టుకుని నిద్రపోయాను.

తర్వాత పొద్దు తగ్గింది.

అంత సంగతి నాకు ఎందుకు తట్టలేదో ఇప్పుడు కూడా అర్థం కాదు. నా షరతులో దీపం ఒక అంకె. మా అత్త గడియారం చూసి దీపం పెట్టే మనిషి కాదు. వాకిట్లో నిలబడి అరచెయ్యి చాపేది. చేతిలో గీతలు కనిపించకపోతే దీపం వేళ. నేను కంప్యూటర్‌కు ఆరున్నర అని చెప్పింది వైశాఖంలో. వినాయక చవితి దాటేసరికి గీతలు ముందే చెరిగిపోవడం మొదలైంది. బస్సు మాత్రం అదే వేళకు వచ్చేది. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందే దీపం. నేను కిటికీ పక్కన కూర్చుని నా అరచెయ్యి చూసుకుంటూ వచ్చేదాన్ని. పచ్చికాపల్లంలో కనిపించే గీతలు మా ఊరి మలుపులో కనిపించేవి కావు. డ్రైవరు మేకల మందకో పెళ్ళి గుంపుకో ఆపితే సీటులోంచి లేచి ముందు తలుపు దగ్గరికి పోయి నిలబడేదాన్ని.

ఒకరోజు బస్సు త్వరగా వచ్చింది. వీధిలో పిల్లలు ఇంకా గోలీలు ఆడుతున్నారు. నా అరచేతిలో గీతలు స్పష్టంగా ఉన్నాయి. నేను నిదానంగానే నడిచాను, నవ్వుకుంటూ. గడప దగ్గర చెంబు తీసుకోబోతే గూట్లో దీపం వెలుగుతూ ఉంది. తోడికోడలి చేతిలో అగ్గిపెట్టె ఇంకా ఉంది. అత్త ఇంట్లో లేదు, పక్కింటికి పోయింది.

"అక్కా, ఇంకా ఎలుతురు ఉండాదే!"

"పెట్టేసినా గదా. ఇంగేం జేసేది?"

"నా చెయ్యి చూడు. గీతలు కనపడతాండాయి."

"నీ చేతిలో గీతలుండాయి, నాకు కనపడలేదు." పాప ఆమె కాళ్ళ మధ్య నిలబడి ఉంది. ఆమె వంగి పాపను ఎత్తుకుంది. "వాకిట్లో గలాటా ఎందుకు? దీపం పెట్టినాక ఏడిస్తే ఇంటికి మంచిది కాదు. గమ్మున కాళ్ళు కడుక్కోని అన్నం తిను."

ఆ తర్వాత దీపం పెట్టడంలో ఆమె ఒక్కరోజు కూడా నాకంటే వెనకబడలేదు. అత్తకు చెప్పాను. అత్త నవ్వింది.

"దానికీ ఒక బిడ్డ కావాల గదమ్మే. నీకు మొగుడుండాడు, చదువుండాది, కంప్యూటరుండాది. ఆ గొడ్డుదానికి ఏముండాది? నువ్వింకో బిడ్డను కను."

ఆఫీసులో నేను దీపం వేళను నెల నెలకు మార్చి వేరే టేబుల్‌గా పెట్టాను. దానిమీద కూడా ఇంకో అరగంట తగ్గించాను, తోడికోడలి అగ్గిపెట్టె కోసం. ఆ ప్రశ్నను మళ్ళీ నడిపాను. ఒక్క వరస కూడా రాలేదు. బస్సుల హద్దు ఐదు చేశాను, ఆరు చేశాను. మారే వ్యవధి తీసేశాను, దిగిన నిమిషంలోనే ఎక్కేటట్టు. ఒక్క వరస కూడా రాలేదు. ఇంకా ముందు లేస్తానని సారును అడిగితే "అయితే పొద్దున్నే రావద్దులే, ఇంట్లోనే ఉండు" అన్నాడు.

ఉద్యోగం మానేయొచ్చు కదా అని చదివేవాళ్ళు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. భర్త మా ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు మానేస్తాను అన్నాను. నాకు సెల్‌ఫోన్ లేదు. సారు ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చేది.

"మానేస్తే మళ్ళీ ఇల్లు ఎవురు జరుపుతారు?" అన్నాడు. "ఒదిన బిడ్డను బాగానే సూసుకుంటాంది గదా. అమ్మ కూడా అదే అనింది. రొన్నాళ్ళు ఆయమ్మ దెగ్గిరే పెరగనీ. యాడికి పోతాది బిడ్డ?"

బిడ్డ నా పాలు మరిచిన సంగతి, ఆదివారాలు కూడా పాప నాదగ్గరికి రాకుండా ఆమె కొంగు పట్టుకోవడం అప్పుడు చెప్పలేదు. ఆ వచ్చిన ఆదివారం నేను పాపకు తల దువ్వుతుంటే వెంట్రుక చిక్కుపడింది. పాప నా చెయ్యి తోసేసి "చిన్నమ్మా, వద్దు" అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి "అమ్మా" అని పిలిచింది. "వస్తాండాను నాయనా" అని తోడికోడలు పలికింది.

అత్త తమలపాకు మడుస్తూ చెప్పింది. "నేనే నేర్పించినా. ఇద్దురు అమ్మలంటే బిడ్డకి తికమక గదా."

సోమవారం నేను ప్రశ్నను తిప్పి వేశాను. స్టార్ట్ విత్ కార్వేటినగరం. చేరాల్సింది తిరుపతి. షరతు ఒకటే: ఎక్కడా పుత్తూరు తగలకూడదు. అక్కడ బావగారి అంగడి ఉంది. మధ్యాహ్నం చిత్తూరు బస్సొకటి, అక్కడినుంచి తిరుపతికి ఇంకొకటి. మొదటి వరసలోనే వచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఇంటికి చేరే దారి వెతికాను కానీ ఇది ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అత్త కునుకు తీస్తోంది. పాపకు గౌను తొడిగాను. తోడికోడలు వాకిట్లో మిరపకాయలు ఎండేస్తోంది.

"యాడికి?"

"అంగడి దాకా పోయి బిస్కెట్లు కొనిస్తా."

"నేనూ వస్తా ఉండు."

"వద్దక్కా, ఎండ. నువ్వు పాలు కాచిపెట్టు, వచ్చి తాగుతాది."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, పాప బుగ్గ మీద కాటుక చుక్క పెట్టింది. "బిరీన తీస్కరా" అంది. పొయ్యి వెలిగించడానికి లోపలికి పోయింది.

బస్సు కదిలేదాకా పాప ఊరికే ఉంది. ఊరు దాటాక కిటికీలోనుంచి వెనక్కి చూసి "అమ్మ" అంది. ఆ తర్వాత చిత్తూరు దాకా ఆ ఒక్క మాటే. వెనక్కి వంగి, కాళ్ళతో నా కడుపులో తన్నుతూ, గొంతు బొంగురుపోయేదాకా. పక్క సీట్లో టమేటా గంపతో ఒక పెద్దామె నన్ను కాళ్ళనుంచి తల దాకా చూసింది.

"బిడ్డ ఎవురిదమ్మే?"

"నాదే."

"నీదైతే అమ్మ కావాలని యెనక్కి సూస్తాందే?" పాప గడ్డం పట్టుకుంది. "బంగారూ, ఈయమ్మ ఎవురు?"

"చిన్నమ్మ" అంది పాప వెక్కిళ్ళ మధ్య.

బస్సంతా తిరిగి చూసింది. "బిడ్డల్ని ఎత్తకపోయేవాళ్ళు బాగా చదువుకున్నోళ్ళ మాదిరే ఉంటారంట" అన్నాడు ముందు సీటులో ఎవడో. కండక్టరు వచ్చాడు. "ఏందమ్మా గలాటా? బిడ్డ తండ్రి యాడుండాడు?" బెంగుళూరులో అన్నాను. ఇంకొకామె "బెంగుళూరులోనా, అదెట్ల కనుక్కునేది!" అని నవ్వింది.

టమేటాల పెద్దామె చెయ్యి ఎత్తి అందర్నీ ఆపింది. "బిడ్డ ఒంటిమింద మచ్చ యాడుండాదో సెప్పనీ. తల్లికి తెలీకుండా ఉండదు."

"ఎడమ తొడ వెనకాల. చింతగింజంత."

ఆమె గౌను ఎత్తి చూసింది. ఉంది. అందరి ముందు నా బిడ్డను తిరగేసి చూసింది. తర్వాత మోకాలి మీద వేలు పెట్టింది. అక్కడ మానుతున్న గాయం, పక్కు కట్టి ఉంది.

"మరి ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?"

నాకు తెలియదు. ఎప్పుడు పడిందో, ఎక్కడ పడిందో, ఎవరు ఎత్తుకున్నారో.

"కన్నది ఈయమ్మే" అంది పెద్దామె కండక్టరుతో. "సాకింది వేరే యెవురో. పోనీలే." గౌను సరిచేసి, గంప కాళ్ళ మధ్యకు లాక్కుని ఇక నావైపు చూడలేదు.

తిరుపతిలో ఒక గది తీసుకున్నాను. కింద ఇంట్లో పూలు కట్టే ముసలామె పగలు పాపను చూస్తుంది. లాడ్జిలో కంప్యూటర్ పెట్టారు, సారు నన్ను ఉద్యోగంలోనుంచి తీయలేదు, దాన్ని బాగుచేసేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి. భర్త రెండుసార్లు వచ్చాడు, కేకలేశాడు, పోయాడు. రాత్రి పాప పడుకున్నాక నేను తలుపు గొళ్ళెం వేసి ఉందో లేదో చూసుకుంటాను, మళ్ళీ వచ్చి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను, మళ్ళీ గొళ్ళెం దగ్గరికి పోతాను. అలా తిరగడం కంటే ఇది రాయడం మేలని కూర్చున్నాను. అసలు రాయాల్సింది ఆమె వచ్చిన రోజు సంగతి.

తోడికోడలు ఎప్పుడూ ఒంటరిగా బస్సెక్కి ఎరగదు. చదువు రాదు. ఒకనాటి సాయంత్రం సారు పంపిన వాచ్‌మన్ ఆమెను మా మెట్లు ఎక్కించి పోయాడు. బస్టాండు దగ్గరి కంప్యూటర్ల ఆఫీసు అని అడుగుతూ వచ్చిందట. చీర అంతా దుమ్ము. పుత్తూరులో బావగారి కంట పడకుండా కొంగు కప్పుకుని తప్పు బస్సెక్కి నగరికి పోయింది. అక్కడెవరో వెనక్కి పంపారు. మళ్ళీ పుత్తూరు, తర్వాత రేణిగుంటలో దిగి, అదే తిరుపతి అనుకుని చాలాసేపు తిరిగింది.

పాప గది మూలలో బొమ్మతో ఆడుకుంటోంది. తలెత్తింది. "అమ్మా!" అని ఒక్క ఉరుకున పోయి ఆమె మోకాళ్ళు పట్టుకుంది. ఆమె కింద కూర్చుండిపోయి పాప జుట్టులో ముఖం పెట్టుకుంది. ఇద్దరూ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులభంగా ఉండేది.

"సిక్కిపోయింది బిడ్డ" అంది.

"నీకట్ల కనపడతాంది."

"మీ బావకు తెలీకుండా వచ్చినా. ఇంట్లో పొలానికని సెప్పినా." చుట్టూ చూసింది, స్టవ్వు, చాప, తాడు మీద పాప గౌన్లు. "ఈ ఒక్క రేత్రి ఈడ పండుకుంటా. తెల్లారి పోతా. బిడ్డను అడగను. నీ మింద ఒట్టు."

ఆమె చేతులు పాప వీపు మీద ఉన్నాయి. ఒక్క రాత్రి అంటే పాప ఎవరి పక్కలో పడుకుంటుందో నాకు తెలుసు. తెల్లారి ఆమె పోయాక మళ్ళీ చిత్తూరు బస్సులో లాగా మొదలవుతుందని తెలుసు. ఈ మధ్యనే నా చేత్తో అన్నం తింటోంది.

"ఇప్పుడు లేస్తే పుత్తూరు బస్సు దొరకతాది అక్కా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "రేపు పోతాలే" అంది.

"రేపు కాదు. ఇప్పుడే. బస్టాండు లోపలికి పోతే ఎడమచేతి వైపు రెండో వరస. ఎర్ర బస్సు. పుత్తూరు, పుత్తూరు అని అరస్తాంటారు. దిగినాక ఎదురుగా మీ అంగడే. బావ ఇంకా కట్టేసి ఉండడు. ఆయనతోనే ఇంటికి పోవచ్చు."

"ఆ మనిషికి తెలిస్తే నన్ను సంపుతాడు."

నేను లేచి తలుపు బార్లా తీశాను.

"పుత్తూరు తగలకుండా నువ్వు వచ్చినావే, ఆ దారిలో పంపించు."

"ఆ బస్సు మధ్యాహ్నమే. పచ్చికాపల్లం దారిలో కూడా ఈ వేళకు ఏమీ ఉండదు."

"నీ మిషన్లో నాకు ఇంగే దారీ లేదా?"

"లేదు."

నిజమే చెప్పాను. ఆ వేళకు తిరుపతినుంచి కార్వేటినగరానికి ఒక్క దారే ఉంది. నేను రోజూ చూసేదాన్నే. మళ్ళీ చెప్పించాను ఆమెతో, పాఠం అప్పజెప్పించినట్టు: ఎడమచేతి వైపు, రెండో వరస, ఎర్ర బస్సు. ఆమె చెప్పింది. ఒకసారి తప్పు చెప్పింది, దిద్దాను. మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు.

లేచింది. పాప ఆమె కొంగు రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. నేను ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. ఆమె తనంతట తాను కొంగు లాక్కోలేదు, నా చేతికి సాయమూ చేయలేదు. నేను విడదీసే దాకా నిలబడింది. తర్వాత ఎడమచేతి వైపు, రెండో వరస అని గొణుక్కుంటూ మెట్లు దిగింది.

పాప నా ముంజేయి కరిచింది. నేను వదల్లేదు.